మూడుసార్లు వద్దన్న అతిథి

ఓడ శంఖమాల దీవి రేవులో లంగరు వేసేసరికి జాము పొద్దెక్కింది. మాచన దిగాడు. అతని భుజాన ఒక తాటాకు బుట్ట, బుట్టలో పన్నెండు అచ్చుల తాటిబెల్లం, నోట్లో ఒక పేరు ఉన్నాయి. ఆ దేశపు భాషలో అతనికి వచ్చిన మాట ఆ పేరొక్కటే.

ఆ పేరు మిరాంగు. ఏడేళ్ళ కిందట మిరాంగు తన రాజుకోసం ఏనుగులు కొనడానికి కొమరగిరి వచ్చాడు. కొన్న ఏనుగులు ఓడ ఎక్కమని మొరాయించాయి. అవి మచ్చికయ్యేదాకా మూడేళ్ళు అతను మాచన ఇంట్లోనే ఉన్నాడు. మాచన కొమరగిరి గజశాలలో మావటి. మిరాంగు అతని తల్లి చేతి ముద్ద తిన్నాడు, అతని దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. ముందు తిట్లు, తరవాత మిగతావి. ఇప్పుడు మిరాంగు శంఖమాల రాజు గజశాలకు అధికారి. నిరుడు ఒక నావికుడి నోట కబురు పంపాడు. ఒకసారి వచ్చి పో, మా ఇల్లు గజశాల వెనక, తలుపు నీలం రంగు, అని.

దిగే ముందు ఓడ సరంగు అడిగాడు. "భాష రాకుండా ఊళ్ళో ఎట్లా తిరుగుతావయ్యా?"

"ఏనుగుకు తెలుగొచ్చా? ఇరవై ఏళ్ళుగా దానితో కాపురం చెయ్యట్లేదా," అన్నాడు మాచన.

రేవు గుమ్మం దగ్గర కావలివాడు ఏదో అడిగాడు. మాచన "మిరాంగు" అన్నాడు. కావలివాడు అతన్ని కిందినుంచి పైదాకా చూసి ఇద్దరు భటుల్ని పిలిచాడు. వాళ్ళు అతనికి చెరొక పక్క నడుస్తూ జనాన్ని తప్పించారు. దారిలో పళ్ళమ్మే ఆమె ఏదో అడిగింది. మాచన ఆమెకూ "మిరాంగు" అని చెప్పాడు. ఆమె కళ్ళు ఒత్తుకుని ఒక తెల్లపువ్వు చేతిలో పెట్టింది. మాచన దాన్ని చెవి సందున పెట్టుకున్నాడు. నలుగురు ఆగి చూశారు. తన స్నేహితుడికి ఊళ్ళో ఇంత పేరుందని మాచన అనుకోలేదు.

శంఖమాల కోట గుమ్మం నలభై మూరల ఎత్తు. దాని మీద పద్దెనిమిది కంచు ఏనుగులు వరసగా నిలబడి, తొండాలతో ఒకే కంచు పందిరిని మోస్తున్నాయి. పందిరికి ముత్యాల సరాలు వేలాడుతున్నాయి. సముద్రపు గాలికి అవి ఒకదానికొకటి తగిలి వాన మొదలైనట్టు చప్పుడు చేస్తున్నాయి. గుమ్మం దాటితే ముంగిలి. ముంగిలి నిండా జనం. ఎదురుగా సింహాసనం మీద రాజు, ఆయన ముందు నల్లరాతి తిన్నె. తిన్నె మీద మిరాంగు నిలబడి ఉన్నాడు. మెడలో మోకాళ్ళదాకా ఎర్రపూల దండ.

"సన్మానం చేస్తున్నట్టున్నారు," అనుకున్నాడు మాచన. సరైన రోజునే వచ్చానని సంతోషించి గట్టిగా పిలిచాడు.

"ఒరేయ్ మిరాంగూ."

మిరాంగు తల తిప్పాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ ఊపాడు. అతని చేతులు వెనక్కి ఉన్నాయి. రాజుగారి ముందు మర్యాద కాబోలు అనుకుని మాచన గొంతు తగ్గించాడు. తిన్నె పక్కన కర్ర పట్టుకుని ఒకతను నిలబడ్డాడు. అతని మెడలో శంఖాల దండ, అందులో ఒక శంఖం తగ్గినట్టు మధ్యలో ఖాళీ. అతను మాచన వైపు చూసి నవ్వాడు. మాచన కూడా నవ్వాడు.

పచ్చ తలపాగా అధికారి ఒకడు వెండి గిన్నెలో పాలు పట్టుకుని వరస వరసకూ వచ్చి ఒకే ప్రశ్న అడుగుతున్నాడు. అడిగిన ప్రతివాడూ తల దించుకుంటున్నాడు. గిన్నె మాచన దగ్గరికి వచ్చింది. పాలల్లో ఏలకుల వాసన. పొద్దుటినుంచి అతను ఏమీ తినలేదు. అయినా కొత్త చోట అడగ్గానే అందుకుంటే బాగుండదు.

"వద్దు," అన్నాడు.

అధికారి వెళ్ళబోయినవాడల్లా ఆగాడు. మళ్ళీ అడిగాడు.

"అబ్బే, వద్దు."

ముంగిలిలో జనం అటు తిరిగారు. అధికారి మూడోసారి అడిగాడు. ఇంకా బెట్టు చేస్తే గిన్నె వెళ్ళిపోతుందని మాచనకు తెలుసు. "వద్దు" అంటూనే రెండు చేతులూ చాచి గిన్నె అందుకుని, అడుగుదాకా తాగి, పై కండువాతో మూతి తుడుచుకున్నాడు.

కోట మీద నగారా మోగింది. రాజు లేచి నిలబడ్డాడు. జనం మాచనకు దారి ఇచ్చి, అతని చుట్టూ పది అడుగుల మేర ఖాళీ చేశారు. ఆ ఖాళీలోకి గాజుల మలారం భుజాన వేసుకున్న ఒక ముసలామె తోసుకుని వచ్చింది.

"ఏ ఊరురా నీది? తెలుగోడివేనా?"

మాచనకు పాలకన్నా ఆ మాట తియ్యగా తగిలింది. "కొమరగిరి, అత్తా."

"నా పేరు నాంచారి. మీ తీరమ్మీంచే గాజులమ్ముకుంటా వచ్చి ముప్పై ఏళ్ళు ఈడే ఉండిపోయాను. అది సరేగానీ, ఇప్పుడు నువ్వేమన్నావో తెలుసా?"

"వద్దన్నాను. మొగమాటానికి."

"ఈళ్ళ భాషలో వద్దు అంటే నేనున్నాను అని. మూడు మాట్లు వద్దని పాలు తాగితే, ఆడి తరపున, ఆడితోపాటు నేను నిలబడతానని ఒట్టు. పొద్దుట్నించి గిన్నె తిప్పతన్నారు, ఈ ఊళ్ళో ఒక్క మగాడు నోరు తెరవలేదు. నువ్వేమో బంతిలో బూరెలొద్దన్నట్టు మూడు మాట్లు అనేశావు."

"ఎవరి తరపున?"

"తిన్నె మీదున్నోడి తరపున. అది చావు దండరా అబ్బాయ్. ఆ చెవిలో పువ్వు తీసెయ్ ముందు. అది చచ్చినోళ్ళ మీద వేసేది."

మాచన పువ్వు తీసి బుట్టలో వేశాడు. మిరాంగు చేతులు వెనక కట్టేసి ఉన్నాయని అతనికి అప్పుడు అర్థమైంది.

నాంచారి సంగతంతా చెప్పింది. రాజుగారి పట్టపుటేనుగు నెల కిందట విషం తిని చచ్చిపోయింది. విషం పెట్టింది శంఖాల దండ వేసుకున్న ఆ మాంత్రికుడు, కంఠహరుడు. అది మిరాంగు చూశాడు. అతను రాజు దగ్గరికి చేరేలోపే కంఠహరుడు అతని గొంతు తీసి శంఖంలో పెట్టి, నేరం అతని మీదే మోపాడు. జవాబు చెప్పుకొమ్మని రాజు మూడు రోజులు గడువిచ్చాడు. మిరాంగు నోరు తెరిచి నిలబడ్డాడు. ఈ రోజు సూర్యుడు నీళ్ళను తాకేసరికి అతన్ని బండకు కట్టి సముద్రంలో దించుతారు.

"ఆడి గొంతు కంఠహరుడి కొండింట్లో ఉందని గజశాలోళ్ళు మొత్తుకున్నారు. ఉంటే తెచ్చుకోండి, నేను అడ్డం రాను, అన్నాడు ఆడు. ఒట్టేసినోడు పొద్దు నీళ్ళను తాకేలోపు అది తెస్తే ఇద్దరూ బతుకుతారు. తేకపోతే రెండు బండలు కావాలి." నాంచారి గొంతు తగ్గించింది. "నువ్వు తెలీక అన్నావని నేను చెప్తాను. రాజు మంచోడు, వదిలేస్తాడు."

"చెప్పకు అత్తా. తెలిసినా అదే అనేవాణ్ణి. భాష రాకపోయినా తప్పు మాట్లాడలేదు గదా. ఆ కొండకు దారి ఎటు?"

"కోసు దూరం. దారి కాదురా కష్టం, దార్లో ఏనుగుంది. మందర దాని పేరు. కంఠహరుడు మంత్రమేసి దాని చెవులు మూసేశాడు. ఎవడి మాటా దానికి వినపడదు. పదకొండు మంది మావట్లని తొక్కింది."

"ఇక్కడివాళ్ళు ఏనుగుని మాటతో నడుపుతారా?"

"పాట పాడతారు. ఆ పాటకే అది లేస్తది, కూకుంటది."

"మరి కాళ్ళు?"

"కాళ్ళేం చేస్తాయి, ఊగుతుంటాయి. ఏనుగు చెవిని కాలితో తాకితే ఈళ్ళకి పాపం. మిరాంగు మీ దేశంనించొచ్చి కాలి విద్య నేర్పుతానంటే ముసలి మావట్లు వారం రోజులు ఆడితో మాట్లాడలేదు."

మాచన మిరాంగు వైపు తిరిగి, ఇప్పుడే వస్తానన్నట్టు చెయ్యి చూపించాడు. మిరాంగు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

కొండ మొదట్లో మందర నిలబడి ఉంది. ఏడు మూరల ఎత్తు. దంతాల చివర్లు ఎర్రబడి ఉన్నాయి. దాని చుట్టూ పడిన చెట్లు మాచన లెక్కకు ముప్పై పైనే. అతను దూరంగా ఆగి కణతల వైపు చూశాడు. మదజలం కారడం లేదు. ఏనుగు ఒక చోట నిలవకుండా తిరిగి తిరిగి వెనక్కి చూసుకుంటోంది. దానికి మదం కాదు, భయం. వినపడని ఏనుగుకు వెనకనుంచి వచ్చే ప్రతిదీ పులే. పదకొండు మందీ పాడుతూ పక్కనుంచో వెనకనుంచో వెళ్ళి ఉంటారు.

మాచన ఎదురుగా, గాలి తనవైపునుంచి దానివైపు వీచే చోట నిలబడి, బుట్ట మూత తీశాడు. బెల్లం వాసన వెళ్ళింది. తొండం లేచింది. ఒక అచ్చు నేలమీద పెట్టి నాలుగు అడుగులు వెనక్కి వేశాడు. ఏనుగు తిన్నది. రెండోది ఇంకా దగ్గరగా పెట్టాడు. ఆరో అచ్చు చేతిలోనుంచి తీసుకుంది. తొండం కొనతో అతని ముఖం, భుజాలు, పాదాలు వాసన చూసింది. మాచన దాని ముందరి కాలి మీద మూడుసార్లు తట్టాడు. అది కాలు మడిచింది. మడిచిన ఆ కాలి మీద అడుగేసి, చెవి పట్టుకుని, మెడ మీదికి ఎక్కి కూర్చున్నాడు. కాలి బొటనవేళ్ళు రెండు చెవుల వెనకా ఆనించి నొక్కాడు.

ఏనుగు ఒళ్ళంతా ఒకసారి జలదరించింది. చెవులు మూతపడిన నాటినుంచి దానితో ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు ఎవరో మాట్లాడుతున్నారు. కుడి బొటనవేలు నొక్కితే ఎడమకు తిరిగింది, రెండూ నొక్కితే కదిలింది. మిగిలిన ఆరు అచ్చులూ మాచన దారి పొడవునా ఒక్కొక్కటీ దాని నోటికి అందించాడు.

కొండ మధ్యలో లోయ, లోయ మీద రాతి వంతెన. వంతెన అవతల దారికి అటొకటి ఇటొకటి రాతి భటులు. పన్నెండేసి మూరల ఎత్తు, చేతుల్లో గండ్రగొడ్డళ్ళు. వాళ్ళ కాళ్ళ దగ్గర పుర్రెలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఏనుగు దగ్గరకు రాగానే రెండు విగ్రహాలూ ఒకే గొంతుతో ఏదో అడిగాయి. మాచనకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాయి. గొడ్డళ్ళు లేచాయి. ఏం చెప్పాలో తెలియనప్పుడు ఎవరికైనా చేసేది ఒకటుంది. అతను కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి నమస్కారం పెట్టి బొటనవేళ్ళు నొక్కాడు. మూడో ప్రశ్న అడిగి, జవాబుకోసం ఎదురుచూస్తూ గొడ్డళ్ళు గాలిలోనే ఆగిపోయాయి. ఏనుగు వాటి కిందనుంచి వెళ్ళింది.

కొండిల్లు ఒకే గది. గోడల్లేవు, అరవై స్తంభాలు. పైకప్పు దూలాలనుంచి పట్టుదారాలతో శంఖాలు వేలాడుతున్నాయి. నాలుగు వందలుంటాయి. కొన్ని గులాబిరంగు, కొన్ని పాలరంగు, కొన్ని మనిషి తలంత, కొన్ని బొటనవేలంత. ఏనుగు మెడ మీద కూర్చునే మాచన ఒక్కొక్క దానికీ చెవి ఆనించాడు. ఒకటి నవ్వుతోంది. ఒకటి పిల్లను నిద్రపుచ్చుతోంది. ఒకటి ఎవరితోనో బేరమాడుతోంది. ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు, అర్థం కాకపోవడమే అతనికి కలిసొచ్చింది. అర్థమైన మొదటి శంఖమే మిరాంగుది. నూట నలభై దాటాక ఒక పాలరంగు శంఖం గొణిగింది.

"కాలు తియ్యవే మొద్దూ. ఒకసారి చెప్తే వినవా? అటు, అటు జరుగు."

ఏనుగును కడిగేటప్పుడు మాచన తల్లిదండ్రుల కాలంనుంచి వస్తున్న తిట్టు అది. మాచన నవ్వాడు.

"నేనురా. మాచనను."

శంఖం గొణుగుడు మాని అడిగింది. "వంతెన దగ్గరి రాతిబొమ్మలకు జవాబు చెప్పావా?"

"ఏమడిగాయో తెలిస్తే గదా."

"పేరడుగుతాయి. చెప్పినవాడి తల తీస్తాయి. సరే, వచ్చినవాడివి వచ్చినట్టే వెళ్ళిపో. నన్ను తియ్యకు. ఇక్కడ ఒక గొంతు బయటికి పోతే తీసినవాడి గొంతు లోపలికి రావాలి. అదిగో, ఖాళీ శంఖం నీకోసమే ఉంది."

మాచన అటు చూశాడు. ఎర్రశంఖం, కప్పుకు కట్టకుండా ఒక పీట మీద పెట్టి ఉంది. స్తంభాల మధ్యనుంచి సముద్రం కనిపిస్తోంది. సూర్యుడు నీళ్ళకు రెండు బారల ఎత్తున ఉన్నాడు.

"రాజుకు చెప్పాల్సిన మాట ఎవరి దగ్గరుంది, నీ దగ్గరా నా దగ్గరా?" అన్నాడు.

"నా దగ్గర."

"ఈ దేశపు భాష ఎవరికొచ్చు?"

"నాకు. అయినా నీ గొంతురా అది."

"పొద్దుటినుంచి ఈ ఊళ్ళో నా గొంతు చేసిన మేలు మూడు వద్దులు. అది అయిపోయింది. ఇప్పుడిక్కడ పనికొచ్చేది నీది. తరవాత నాది తెచ్చుకుందాం. ఎక్కడుందో తెలుసు గదా."

"మొండివాడివి. ఇంకేమైనా చెప్పాల్సి ఉంటే ఇప్పుడే చెప్పు."

మాచన ఆలోచించాడు. "బెల్లం అయిపోయింది. ఏనుగు తినేసింది," అని, పట్టుదారం తెంపాడు.

గొంతులోనుంచి ముల్లు తీసినట్టయింది, నొప్పి లేదు. పీట మీది ఎర్రశంఖం గిర్రున తిరిగి, పైకి లేచి, స్తంభాల మధ్యనుంచి కోట వైపు ఎగిరిపోయింది. అది ఇక్కడే ఉంటుందనుకున్నాడు మాచన. లెక్క ఒకచోట తప్పింది. ఆగి చూసే తీరిక లేదు.

తిరిగి వచ్చేసరికి రాతి భటుల గొడ్డళ్ళు ఇంకా గాలిలోనే ఉన్నాయి, వంతెన మాత్రం కూలిపోయింది. రాళ్ళు ఇంకా లోయలోకి దొర్లుతున్నాయి. చుట్టు దారికి సమయం చాలదు. మాచన రెండు మడమలూ వెనక్కి లాగాడు. మందర అంచున ఆగి, తొండంతో నేలను తడిమి, వెనక కాళ్ళు మడుచుకుని పిర్రల మీద కూర్చుంది. అలాగే జారింది. మట్టి, రాళ్ళు, తుప్పలు దానితోపాటు దిగాయి. మాచన శంఖాన్ని పొట్టకు అదుముకుని ఏనుగు వీపు మీద వెల్లకిలా పడుకున్నాడు. అడుగున వాగు. వాగు దాటి ఎదుటి గట్టును ఏనుగు మోకాళ్ళ మీద ఎక్కింది. అక్కడినుంచి కోటదాకా పరుగే.

కోట గుమ్మం దగ్గర జనం రెండుగా చీలారు. పాట లేకుండా, మాట లేకుండా మందర ముంగిలిలోకి వచ్చి రాజు ముందు మోకరిల్లింది. ముసలి మావట్లు మాచన కాళ్ళు ఎక్కడున్నాయో చూసి నోళ్ళు నొక్కుకున్నారు. తిన్నె మీద అప్పటికే రెండు బండలు తెచ్చి పెట్టారు. సూర్యుడి అంచుకూ నీటికీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంది. మాచన దిగి శంఖాన్ని తిన్నెకేసి కొట్టాడు.

మిరాంగు దగ్గాడు. అతని మొదటి మాట తెలుగులోనే వచ్చింది.

"బుద్ధుందా నీకు?"

తరవాత రాజు వైపు తిరిగి తన భాషలో మాట్లాడాడు. ఆగకుండా, వేలు కంఠహరుడి వైపు చూపిస్తూ, నెల రోజుల మాట ఒక్కసారే చెప్పాడు. మాచనకు ఏమీ అర్థం కాలేదు, కాని రాజు ముఖం చూస్తే చాలింది. రాజు చెయ్యెత్తేలోగా కంఠహరుడు కర్రను నేలకు కొట్టాడు. ముంగిలంతా పొగ కమ్మింది. పొగలో అందరూ దగ్గుతుంటే శంఖాల చప్పుడు గోడ దాటి, మెట్లు దిగి, రేవు వైపు పోయింది. పొగ తేలేసరికి తిన్నె పక్కన కర్రే మిగిలింది.

భటులు మిరాంగు మెడలో దండ తెంపి కట్లు విప్పారు. రాజు సింహాసనం దిగి వచ్చి మాచనను అడిగాడు. మిరాంగు తెలుగులో చెప్పాడు.

"ఏం కావాలో కోరుకోమంటున్నారు. ఏదైనా సరే."

మాచన గొంతు మీద వేలు పెట్టి, చేత్తో నీళ్ళ అలలా చేసి చూపించాడు.

"దాహమంటున్నాడు," అని మిరాంగు రాజుకు చెప్పాడు. వెండి గిన్నె వచ్చింది. మాచన తల అడ్డంగా ఊపి, రెండు చేతులతో పడవ ఆకారం చూపించాడు.

"ఇంటికి పంపమంటున్నావా? ఓడ ఇస్తారట."

నాంచారి నుదురు కొట్టుకుంది. "రెండు భాషలొచ్చిన మొగోడివి, ఆడి సైగ తెలీట్లేదా? ఆడి గొంతేదిరా?"

శంఖంలోంచి తానే చెప్పిన మాట ఈ హడావిడిలో మరిచిన మిరాంగు నాలుక కరుచుకున్నాడు. మాచన అతని గడ్డం పట్టుకుని ముఖాన్ని సముద్రం వైపు తిప్పాడు. రేవు దాటి, సూర్యుడు సగం మునిగిన చోట, ఒక పడవ ఉత్తరానికి పోతోంది. దాని తెరచాప కొయ్యకు ఎర్రశంఖం ఒకటి వేలాడుతోంది.

"ఉత్తరాన ఉన్న దేశం భాష నాకూ రాదురా," అన్నాడు మిరాంగు.

మాచన అతని చెయ్యి పట్టుకుని రేవు మెట్లవైపు దిగడం మొదలుపెట్టాడు.